కార్తె, ఫోను, సీసా: వాన లెక్కకు ఏది మేలు?

పోయిన జులైలో ఒక రోజు మండలం లెక్క ప్రకారం మా దగ్గర 58 మి.మీ. వాన. మా పొలం గట్టు మీద వాన కొలవడానికి పెట్టిన సీసాలో 11. రెండూ నిజమే. మండల కేంద్రంలో వాన కొలిచే చోటు మా పొలానికి ఏడెనిమిది కిలోమీటర్లు. మా చీపురుపల్లి వైపు గెడ్డకి (వాగుకి) ఇవతల తడిసి ముద్దయితే అవతల దుమ్ము లేవడం కొత్తేం కాదు.

ఆ రోజు మా చిన్నాన్న "యాభై ఎనిమిదట, ఉభాలు (వరి నాట్లు) మొదలెట్టేద్దాం" అని మడి బురద చేసే దమ్ముకు ట్రాక్టరు పురమాయించబోయాడు. సీసా చూపించాను. "సీసా ఏటి చెప్తాదిరా" అన్నాడు గానీ, వెళ్లి మడిలో మడమ ఆనించి చూశాడు. వేలెడు కూడా దిగలేదు. ట్రాక్టరు ఇంకో వారం ఆగింది.

మా ఇంట్లో చిన్నాన్న కార్తె మనిషి, తమ్ముడు ఫోను మనిషి, నేను సీసా మనిషిని.

ముందు కార్తె సంగతి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే కార్తె. వాన వచ్చినా రాకపోయినా మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో వచ్చేస్తాయి. కాబట్టి అది వానను ముందుగా చెప్పలేదు, పంట కాలాన్ని చెబుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెతనే తీసుకోండి. ఉత్తర అంటే సెప్టెంబరు మధ్య. అప్పటికీ చెరువులో నీళ్లు లేకపోతే ఇక ఆ పంట మీద ఆశ పెట్టుకోవద్దని తరాల తరబడి చూసినవాళ్లు వేసిన లెక్క అది. ఉగాది పంచాంగంలో చదివే ఆఢకాల (పాత కొలత) వానను మాత్రం నేను పక్కన పెడతాను. దేశమంతటికీ ఒకే లెక్క చెబితే మా ఊరికి ఏం ఒరుగుతుంది?

ఫోనుని తిట్టేవాళ్లలో సగం మంది దాన్ని సరిగ్గా చదవరు. వాతావరణ శాఖ "ఒకటి రెండు చోట్ల వర్షం" అందంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు దాకా మాత్రమే పడొచ్చని అర్థం. మిగతా మూడు వంతులు ఎండగా ఉన్నా వాళ్ల మాట తప్పు కాదు. "భారీ" అంటే ఒక రోజులో 64.5 మి.మీ., ఆ పైన. ఈ రెండు తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే పంట సలహా చూశాకే తమ్ముడు యూరియా చల్లుతాడు. కోతలప్పుడైతే నేనూ ఫోను మాటే వింటాను. కోసిన పనలు మడిలో పరిచి ఉండగా అల్పపీడనం వస్తే గింజ మొలకెత్తిపోతుంది. ఇక 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిందే, అలాంటిదాన్ని ఏ కార్తె చెబుతుంది? సీసా అయితే అన్నీ అయిపోయాక చెబుతుంది.

సీసాకు పైసా ఖర్చు లేదు. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడనే తలకిందులుగా గరాటులా పెట్టాలి. అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. ఆ పైన స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత వాన. సీసా మధ్యలో నొక్కుకుపోయి ఉంటే లెక్క తప్పుతుంది. చెట్టు కింద పెట్టకూడదు, చెట్టు ఎత్తుకు రెండింతల దూరం ఉండాలి. ఉదయం ఎనిమిదిన్నరకి చూడాలి. ప్రభుత్వ లెక్క కూడా ఆ వేళకే గనక రెండూ పోల్చుకోవచ్చు. మిల్లీమీటరు వాన అంటే ఎకరాకి 4,000 లీటర్ల పైమాటే. ఆ 11కీ 58కీ మధ్య తేడా ఎకరాకి లక్షా తొంభై వేల లీటర్లు. మడిలో నీళ్లు ఉన్నాయో లేవో ఇది చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు. చెరువు సంగతి మాత్రం దీనికి తెలీదు. ఎండిన నేల తొలి వానల్ని తాగేస్తుంది, గెడ్డ పారితేనే చెరువు నిండుతుంది. దానికి చెరువు మదుము (తూము) దగ్గర గీతలు గీసిన కర్ర పాతుకోవాలి.

వంశధార కాలువ కిందో తోటపల్లి ప్రాజెక్టు కిందో భూమి ఉన్నవాళ్లకి ఫోను చాలు, నీళ్లు ఎలాగూ వేరే చోట నుంచి వస్తాయి. మాలాగ వాన మీద, చిన్న చెరువు మీద బతికేవాళ్లు ఒక్కటే ఎంచుకోవాలంటే సీసానే ఎంచుకోండి అంటాను. చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు. కానీ క్యాలెండర్లో ఆరుద్ర అని ఉన్నచోట కింద రోజూ అంకెలు రాస్తున్నాడు. మేక సీసాను తన్నేసిన రోజు మాత్రం ఖాళీ.