పడకా, గడపా? మత్తు చికిత్సలో సోషల్ వర్కర్‌కు ఏది మేలు

మత్తు పదార్థాలపై ఏ జాతీయ విధానం తిరగేసినా నివారణ, చికిత్స, పునరావాసం, అనంతర సంరక్షణ వరుసగా కనిపిస్తాయి. ఆ పత్రం కింది స్థాయి కార్యాలయంలో సోషల్ వర్కర్ బల్ల మీదికి చేరేసరికి మిగిలేది ఒకే ప్రశ్న. ఎదురుగా కూర్చున్న మనిషిని వ్యసన విమోచన కేంద్రంలో చేర్పించాలా, ఇంటి దగ్గరే ఉంచి చికిత్స ఇప్పించాలా?

ముందు కేంద్రం సంగతి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛలు రావచ్చు, చివరిసారి తాగిన 2 నుంచి 4 రోజుల్లో మతిభ్రమ, వణుకు, జ్వరం మొదలుకావచ్చు. కొన్ని రకాల నిద్రమాత్రలకు అలవాటు పడినవారికీ ఈ ముప్పు ఉంది. ఇలాంటి కేసుల్లో చర్చ అనవసరం, డాక్టర్లూ నర్సులూ ఉన్నచోట పడక కావాల్సిందే. ఇంట్లోనే ఎవరో సరుకు అమ్ముతున్నా, కొట్టే మనిషి ఉన్నా, ఆత్మహత్య ఆలోచనలు కనిపించినా అంతే. కుటుంబాలు కూడా ఎక్కువగా కేంద్రాన్నే అడుగుతాయి. కొన్ని వారాలైనా నిశ్చింతగా నిద్రపోవచ్చన్న ఆశను తప్పుపట్టలేం.

అధికారులకూ కేంద్రమే ఇష్టం. పడకలు లెక్కకు అందుతాయి. ఎందరు చేరారు, ఎందరు కోర్సు పూర్తిచేశారు అనే గడులు నెలవారీ నివేదికలో తప్పకుండా ఉంటాయి. డిశ్చార్జి అయిన ఆరు నెలలకు ఆ మనిషి ఎలా ఉన్నాడన్న గడి మాత్రం అరుదు. ఆ సమాచారం తెచ్చేందుకు బండి ఖర్చు ఎవరివ్వాలో విధానం చెప్పదు మరి.

పడక దొరకడం వేరే కథ. “సరే, చేరతాను” అన్న రోజునే ఖాళీ ఉండటం అదృష్టం. వైద్య పరీక్షలు, గుర్తింపు పత్రాలు, కుటుంబ సభ్యుల సంతకం పోగయ్యేలోపు ఆ “సరే” చల్లారిపోతుంది. చిన్న పిల్లలున్న తల్లికైతే మరీ కష్టం. పిల్లలతో సహా చేర్చుకునే కేంద్రాలు చాలా తక్కువ. పిల్లల్ని తన దగ్గర నుంచి తీసేస్తారేమోనన్న భయంతో ఆమె సోషల్ వర్కర్‌కు నిజం చెప్పడమే మానేస్తుంది.

హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తు విషయంలో కేంద్రానికి ఇంకో చీకటి కోణం ఉంది. కొన్ని వారాలు మానేస్తే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. బయటికొచ్చి అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే కేంద్రం నుంచో జైలు నుంచో విడుదలైన తొలి వారాలు అత్యంత ప్రమాదకరం. “చికిత్స విజయవంతం” అని ఫైలు మూసేది సరిగ్గా అప్పుడే కావడం ఈ వృత్తిలో నాకు మింగుడుపడని విషయం.

ఇంటి దగ్గర చికిత్సకు బలమైన ఆధారం ఇక్కడే దొరుకుతుంది. నల్లమందు జాతి మత్తుకు బదులుగా డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చే మెథడోన్, బ్యుప్రినార్ఫిన్ అనే మందులు 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. వీటిని క్రమం తప్పకుండా తీసుకుంటున్నంత కాలం మరణాలు బాగా తగ్గుతాయి. ఉద్యోగం పోదు, బడికెళ్లే పిల్లల దినచర్య చెదరదు. కాకపోతే “మత్తు రహిత సమాజం” అని రాసుకున్న విధానానికి ఇది కొంచెం ఇబ్బంది. మెథడోన్ మీద నిలకడగా ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ని ఏ గడిలో వేయాలి? మానేసినవాడిగానా, మాననివాడిగానా? పైవాళ్లు తేల్చని ఈ చిక్కును కింద ఫారం నింపే మనిషే ఏదో ఒకటి రాసి దాటేస్తుంది.

శిక్షకు బదులు చికిత్స అన్న మాటకు పోర్చుగల్‌ను అందరూ ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ 2001 జులై నుంచి, సొంత వాడకానికి పది రోజులకు మించని మోతాదు దగ్గరుంటే అది క్రిమినల్ నేరం కాదు. ఆ మనిషి ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వెళ్తాడు, ఆ ముగ్గురిలో సోషల్ వర్కర్ ఉండవచ్చు. చట్టం మారడంతోపాటు చికిత్స సేవలనూ విస్తరించారు, పంపడానికి ఒక చోటు ఉంది. 2012లో జాతీయ సంస్థను రద్దుచేసి చికిత్సను ప్రాంతీయ ఆరోగ్య విభాగాలకు అప్పగించాక, సేవలు ముక్కలయ్యాయన్న ఫిర్యాదులు అక్కడా మొదలయ్యాయి. చట్టం మాత్రం అప్పుడు మారలేదు.

ఇంటి దగ్గర చికిత్సలోని లోపమూ అదే: మనుషులు లేకపోతే అది కాగితం మీది మాట. అదే సోషల్ వర్కర్ చేతిలో పిల్లల రక్షణ కేసులుంటాయి, గృహహింస కేసులుంటాయి. పని ముంచుకొచ్చినప్పుడు మొదట ఆగిపోయేది ఫాలోఅప్. పగటి పూట మాత్రమే తెరిచే క్లినిక్‌కు రోజుకూలీ రాలేడు. ఇంటికి వెళ్దామంటే, కార్యాలయం బండి వాకిట్లో ఆగడమే ఇరుగుపొరుగుకు వార్త.

బలవంతపు చేరిక మూడో దారి. దక్షిణాఫ్రికా 2008 చట్టం ప్రకారం సోషల్ వర్కర్ వంటివారి ప్రమాణ పత్రం ఆధారంగా కేసు మేజిస్ట్రేట్ దాకా వెళ్తుంది. అక్కడ కనీసం న్యాయ విచారణ ఉంది. అదీ లేని నిర్బంధ కేంద్రాలను మూసేయాలని 2012 మార్చిలో 12 ఐక్యరాజ్యసమితి సంస్థలు కోరాయి. ప్రాణాపాయం తప్పించడానికి తప్ప నేనీ దారిని సూచించను. ఆ ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టిన సోషల్ వర్కర్‌నే రేపు ఆ రోగి నమ్మాలి.

ఇక నా తీర్పు. మూర్ఛల చరిత్ర ఉన్న మద్యం కేసుకు పడక, అదీ తక్కువ రోజులు. నల్లమందు జాతి మత్తుకు ఇంటి దగ్గరే మందు, ఎక్కువ కాలం. కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందేదీ లేదు, కౌన్సెలింగే ఆధారం. దానికి చాలామంది విషయంలో పడక అక్కర్లేదు. సరదాగా గంజాయి ముట్టిన కుర్రాణ్ని కేంద్రంలో వేస్తే అక్కడ అంతకంటే ముదిరినవారి స్నేహం దొరుకుతుంది.

కొత్తగా నిధులొస్తే పడకలు పెంచమని అడగను, సాయంత్రం పూట క్లినిక్‌నూ ఫాలోఅప్ మాత్రమే చూసే ఒక ఉద్యోగినీ అడుగుతాను. అవి వచ్చేదాకా కేంద్రాన్ని వాడుకోక తప్పని చోట్ల చేరిక ఫారంతోపాటే, డిశ్చార్జి అయిన వారంలో అతన్ని ఎవరు, ఎక్కడ, ఏ తేదీన కలుస్తారో రాయించుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం మీద సంతకం పెట్టకండి.