విశాఖ ఉప్పుగాలిలో ఆరేళ్లు: ఇంటి స్టూడియో సామాను మీద సమీక్ష

ఎం.వి.పి. కాలనీలో, సముద్రానికి కిలోమీటరు లోపు, రెండో అంతస్తులో 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది. ఆరేళ్లుగా అందులో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం రికార్డవుతున్నాయి. సామాను ఇది: ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ష్యూర్ ఎస్‌ఎం58, ఎస్‌ఎం57 డైనమిక్ మైకులు (మొరటు వాడకాన్ని తట్టుకునే రకం), ఒక పెద్ద డయాఫ్రం కండెన్సర్ మైకు (సన్నటి శబ్దాన్నీ పట్టే సున్నితమైన రకం; డయాఫ్రం అంటే శబ్దానికి కంపించే పల్చటి పొర), ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ హెడ్‌ఫోన్స్, యమహా హెచ్‌ఎస్5 స్పీకర్ల జత, రీపర్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. కొన్న మొదటి వారం ముచ్చట్లు ఎవరైనా రాస్తారు. ఈ గాలిలో, ఈ కరెంటుతో, ఈ చప్పుళ్ల మధ్య ఏది ఎలా నిలిచిందో, ఏ వరసలో కొంటే డబ్బు దండగ కాదో ఇక్కడ చెబుతున్నాను.

వరస ముందే చెప్పేస్తాను. చేతిలో పది రూపాయలున్నాయనుకోండి. నాలుగు గదికి, రెండు ఇంటర్‌ఫేస్‌కి, ఒకటిన్నర డైనమిక్ మైకుకి, ఒకటిన్నర హెడ్‌ఫోన్స్‌కి, మిగిలిన రూపాయి స్టాండు, కేబుళ్లు, తేమ తగలని పెట్టెకి. కండెన్సర్ మైకు, స్పీకర్లు రెండో విడతలో తీసుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఉన్నదంతా పోసి కండెన్సర్ మైకు కొని, నాలుగు వైపులా ఒట్టి గోడలున్న గదిలో పెడతారు. అది పక్కింటి కుక్కర్ కూతను, మెట్ల మీద చెప్పుల చప్పుడును, గోడల ప్రతిధ్వనిని కూడా శ్రద్ధగా పట్టి ఇస్తుంది.

గది సంగతి చూద్దాం. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. దాని వెనకే ‘టర్ర్’మని సన్నటి తోక వినిపిస్తే, ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూఇటూ తన్నుకుంటోందని అర్థం. ఆ తోక పాట మీద పడితే తరవాత ఏ ప్లగిన్ (ధ్వనిని సరిదిద్దే చిన్న సాఫ్ట్‌వేర్) వేసినా పూర్తిగా పోదు. కోడిగుడ్ల అట్టలు, అంగుళం మందం స్పాంజి కొని గోడలకు అతికించకండి. అవి పై స్థాయి ధ్వనులను మాత్రం మింగి, కిందివాటిని వదిలేస్తాయి. గది మూగబోయినట్టుంటుంది గాని గొంతులో ‘గుం’ అలాగే ఉంటుంది.

మా గదిలో పనికొచ్చినవి రాక్‌వూల్ (రాతి పీచు) స్లాబులు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం, ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత. రెండు స్లాబులు ఒకదాని మీద ఒకటి, అంటే 100 మిల్లీమీటర్లు, చెక్క చట్రంలో బిగించి పైన పల్చటి నూలుగుడ్డ లాగి కట్టాలి. గుడ్డకు పెదవులు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, పోకపోతే ఆ గుడ్డ వద్దు. స్లాబులు కోసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. దాని పీచు చర్మానికి తగిలితే రోజంతా దురద. ఇలాంటి చట్రాలు ఆరు చేస్తే ఈ సైజు గదికి మొదటి విడత పని జరుగుతుంది.

వాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. కార్డియాయిడ్ మైకు (ముందువైపు ధ్వనినే ఎక్కువగా పట్టేది) తన వీపు వైపు ధ్వనిని ఎలాగూ తక్కువ పడుతుంది. అది చూసేది గాయకుడి ముఖాన్ని, ఆయన వెనక గోడను. కాబట్టి మొదటి రెండు చట్రాలు పాడేవారి వీపు వెనక, తరవాతి రెండు చెరో పక్క. మిగిలిన రెండూ మూలల్లో. డబ్బు కూడేదాకా ఇంట్లోని పాత బొంతలు రెండు తాడు మీద మడత పెట్టి పాడేవారి వెనక వేలాడదీయండి, తేడా ఆ పూటే తెలుస్తుంది.

కింది స్థాయిలో ఈ పద్ధతికి హద్దుంది. 10 అడుగుల దూరానికి 56 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగులకు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగుతుంది. గదిలో ఒకచోట మృదంగం ఎడమ మూత మోత ఉబ్బి, రెండడుగులు జరిగితే పల్చబడేది అందుకే. దీనికి మూలల్లో మందంగా నింపడం, వాయించే చోటు వెతకడం తప్ప దారి లేదు. నాలుగు గోడలూ సమానంగా ఉన్న గది ఉంటే దాన్ని వదిలి, పొడవు వెడల్పులు తేడాగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మరో మాట. విశాఖలో వానాకాలం బయటి గోడలు చెమ్మగిల్లుతాయి. చట్రాన్ని గోడకు అంటించకుండా రెండంగుళాలు ఖాళీ వదిలితే గుడ్డకు బూజు పట్టదు, పైగా ధ్వనిని మింగే శక్తీ పెరుగుతుంది.

ఇక మైకులు. ఎస్‌ఎం57 1965లో, ఎస్‌ఎం58 1966లో వచ్చిన డిజైన్లు. మా గదిలో ఆరేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించనివి ఈ రెండే. ఎస్‌ఎం58 జాలీని మర తిప్పి విప్పి, సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక బిగించుకోవచ్చు. ఉమ్మి, చెమట, ఉప్పు పేరుకునే ఊళ్లో ఇది చిన్న సౌకర్యం కాదు. గాత్రానికి బెత్తెడు దూరం చాలు. మైకు నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు, సుమారు 20 డిగ్రీలు తిప్పి పెట్టండి. తెలుగులో ‘ఫ, భ, ధ’ల ఊపిరి నేరుగా తగిలితే ‘బుస్’మంటుంది. ‘శ, ష, స’ల పదును కూడా పక్కకు తిప్పితే మెత్తబడుతుంది. ‘శ్రీ’తో మొదలయ్యే కీర్తన ఒకటి రెండు కోణాల్లోనూ పాడించి చూస్తే మీకే తెలుస్తుంది.

వీణకు డైనమిక్ మైకు చాలదు. శబ్దం చిన్నది కనుక గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) చివరిదాకా తిప్పాలి, అప్పుడు వెనక ‘సుయ్’మనే రొద లేస్తుంది. బొబ్బిలి వీణ పనసకర్రతో ఒకే దుంగలోంచి చెక్కినది. ఆ కర్ర మోగే నాదం అందాలంటే కండెన్సర్ కావాలి. కుండ మీద, గుర్రానికీ మెట్ల వరసకూ మధ్య భాగం వైపు చూస్తూ, జానెడున్నర దూరంలో, కొంచెం పైనుంచి. గుర్రానికి మరీ దగ్గరైతే తీగ గీర తప్ప నాదం ఉండదు. మెట్ల వైపు జరిపితే వేలు జారే చప్పుడు గమకం మీదికి వస్తుంది. కండెన్సర్ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన అంకె సెల్ఫ్ నాయిస్, అంటే మైకు తనంతట తాను చేసే రొద. ఆడియో టెక్నికా ఏటీ2020కి అది 20 డీబీ (డెసిబెళ్లు). రోడ్ ఎన్‌టీ1కి 5 డీబీ లోపే. బిగ్గరగా పాడే గొంతుకు ఈ తేడా తెలియదు. వీణలో స్వరం ఆరిపోయే చివరి క్షణంలో స్పష్టంగా తెలుస్తుంది.

కండెన్సర్ విశాఖలో పెట్టే పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా మైకు రెండో వర్షాకాలంలో చిటపటలాడింది. పోపులో ఆవాలు పేలినట్టు, పాట ఆగిన చోట వినిపిస్తుంది. కంపెనీ పేరుతో నిమిత్తం లేదు, ఈ రకం మైకుల స్వభావమే అది. డయాఫ్రం దగ్గర అతి స్వల్పమైన విద్యుదావేశం నిలబడి ఉండాలి. దాని చుట్టూ ఉన్న సర్క్యూట్ నిరోధం గిగా ఓమ్‌లలో ఉంటుంది. తేమ, ఉప్పు, దుమ్ము కలిసి పల్చటి పొరగా పేరుకుంటే ఆ ఆవేశం దాని మీదుగా కారిపోతుంది. ఆ కారడమే చిటపట. అలాంటప్పుడు డయాఫ్రంను దూదితోనో గుడ్డతోనో తుడవబోకండి. మైకును తేమలేని పెట్టెలో రెండు రోజులు ఉంచండి, సాధారణంగా సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అది సర్వీసు వాళ్లు చూడాల్సిన పని.

తేమలేని పెట్టెకు పెద్ద ఖర్చు లేదు. రబ్బరు అంచుతో గాలి చొరకుండా మూసుకునే పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, పావుకిలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. లోపల 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే సరి. నీలం గింజలకంటే నారింజ రంగువి మేలు, నీలం గింజల్లో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషం. రంగు మారాక 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. వంటకు వాడే ఓవెన్ మాత్రం వద్దు.

ఏసీ గదిలోంచి మైకును బయటికి తెచ్చే పద్ధతి కూడా చూసుకోవాలి. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. 24 డిగ్రీల గదిలో చల్లబడిన మైకును అలాగే వరండాలోకి తెస్తే దాని మీద నీరు పడుతుంది, చల్లటి సీసా మీద చెమ్మ పట్టినట్టే. పెట్టెలోనే మూసి తెచ్చి, అరగంట ఆగి తెరవండి.

ఇంటర్‌ఫేస్ విషయంలో కథ చిన్నది. స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో మైకు గెయిన్ 56 డీబీ, నాలుగో తరంలో 69. ఎస్‌ఎం58ను బెత్తెడు దూరంలో వాడేవాళ్లకు 56 చాలు. ష్యూర్ ఎస్‌ఎం7బీ మైకు కొనే ఆలోచన ఉంటే దానికి 60 డీబీ దాకా కావాలి. కాబట్టి నాలుగో తరం తీసుకోండి, లేదా మధ్యలో బూస్టరు (గెయిన్ పెంచే చిన్న పరికరం) లెక్కలో వేసుకోండి. ఎయిర్ బటన్ పై స్థాయిని లేపుతుంది. వయొలిన్‌కు అప్పుడప్పుడు బాగుంటుంది, తెలుగు గాత్రానికి ‘స’కారాలు గుచ్చుకుంటాయి. గెయిన్ పెట్టేటప్పుడు మధ్య స్థాయి పాడించి పెడితే మోసపోతారు. తారస్థాయి పంచమం నిండు గొంతుతో పాడించి, అక్కడ మీటరు మైనస్ 12 డీబీ దాటకుండా చూడండి. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే ఇంకా బిగ్గరగా ఉండాల్సిన పనే లేదు.

ఆలస్యం గురించి, అంటే పాడింది హెడ్‌ఫోన్స్‌లో వినిపించడానికి పట్టే వ్యవధి గురించి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే ధ్వని ముక్క) అంటే ఒక వైపుకు 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి, ఇంటర్‌ఫేస్ లోపలి ఆలస్యం చేర్చితే ఇంకా పెరుగుతుంది. మృదంగం వాయించేవారికి అది వెంటనే తెలిసిపోతుంది, దెబ్బ చేతిలో ఒకసారి, చెవిలో ఇంకోసారి. ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండానే శబ్దాన్ని చెవికిచ్చే బటన్) నొక్కి, రీపర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి. రెండూ నడిస్తే గొంతు జంటగా వినిపిస్తుంది. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు పెట్టినప్పుడు ఒక ట్రాక్ పోలారిటీ (ధ్వని తరంగం దిశ) తిప్పి వినండి. ఏ స్థితిలో ఎడమ మూత నిండుగా ఉందో అదే ఉంచండి.

కరెంటు తెచ్చే తంటాలు చాలామంది మైకు మీదకు నెడతారు. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా ‘గుయ్’ మంటుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ ఊడదీయండి. మోత ఆగిందా, తప్పు ఎర్త్‌ది. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంత చూడాలి. ఎండాకాలంలో గుంత ఎండిపోతే నీళ్లు పోయాలి, అపార్ట్‌మెంట్లలో దాన్ని పట్టించుకునేవారే ఉండరు. లాప్‌టాప్, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు (బయటి రొదను రద్దు చేసే రకం) వాడండి. మూడో పిన్ను విరిచేసి మోత ఆపే చిట్కా ప్రాణాంతకం, ఎవరు చెప్పినా వినకండి. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ ఆపడమే మంచిది, దాని రొద ట్రాక్‌లోకి దిగుతుంది. ప్యూర్ సైన్ వేవ్‌తో ఈ బాధ లేదు.

హెడ్‌ఫోన్స్ మూసినవే కావాలి, తెరిచినవైతే శ్రుతి, తాళం మైకులోకి కారతాయి. ఒక చెవి తీసి పాడే అలవాటున్నవారికి ఆ వైపు శబ్దం పూర్తిగా తగ్గించండి. తోలులాంటి కుషన్లు ఏ కంపెనీవైనా మన చెమటకు రెండు మూడేళ్లలో పొరలు లేస్తాయి, కాబట్టి విడి కుషన్లు దొరికే మోడలే కొనండి. స్పీకర్ల విషయానికొస్తే ఇంత గదికి 5 అంగుళాలకు మించి వద్దు. హెచ్‌ఎస్5 వెనక ఉన్న రూమ్ కంట్రోల్ (కింది స్థాయిని తగ్గించే) స్విచ్చును మైనస్ 2లో పెట్టడం గోడ దగ్గరున్న మా బల్లకు సరిపడింది. 54 హెర్ట్జ్ కిందివి అవి చెప్పవు, ఆ భాగాన్ని హెడ్‌ఫోన్స్‌లో చూసుకోవాలి.

కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి 8.6 మెగాబైట్లు, లెక్కేసుకుంటే డిస్కు ఎంత కావాలో తేలిపోతుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ఆలస్యం తగ్గించే) డ్రైవరే వేయండి. ప్రతి పాటకు రెండో కాపీ ఇంటి బయట ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులన్నీ ఊడదీయండి.

సమయం విషయానికొస్తే, విమానాశ్రయం దగ్గరి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం వైపు ఇళ్లకు గోడలు ఎంత మందమున్నా రాత్రే గతి. మా వైపు రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా మంచి నిశ్శబ్దం. ధనుర్మాసంలో ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుంది. ఏసీ ఇరవై నిమిషాలు ముందు వేసి గది చల్లబడ్డాక, ఫ్యాను కూడా ఆపి, పది పన్నెండు నిమిషాల చొప్పున తీయండి. గాత్రం మీద 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (కింది స్థాయిని కోసేసే ఫిల్టరు) పెడితే దూరపు అలల హోరులో, లారీల మోతలో కింది భాగం పోతుంది. మృదంగం ట్రాక్ మీద అది పెట్టకండి.

నెలకోసారి చేసే పని ఒకటుంది. మైకు కేబుళ్ల చివరి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గు) పిన్నుల మీద పచ్చగానో తెల్లగానో పొర కనిపిస్తే ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక నాలుగైదుసార్లు గుచ్చి తీయాలి. స్టాండు మరలకు చుక్క కుట్టుమిషన్ నూనె. గెయిన్ నాబ్ తిప్పితే గరగరమంటే, పవర్ ఆపి, చివరి నుంచి చివరికి ఇరవైసార్లు తిప్పి చూడండి. మా 2ఐ2కు ఇప్పటిదాకా అంతకు మించిన మరమ్మతు అవసరం పడలేదు.