మ్యాగ్నెట్ అంటలేదని సైలెన్సర్ పైపు కొనకుండ్రి

నల్లగొండల పాత కార్లు నడిపే అన్నలకు ఒక మాట. సైలెన్సర్ పైపు మార్పియ్యాలని తిరుగుతున్నోళ్లు ముందు ఇది చదువుండ్రి. నాకు నాలుగున్నర వేలు పోయినయ్, అది సరే. కార్ల పిల్లలు కూసుంటరు గదా, అందుకే రాస్తున్న.

నాది 2012 మోడల్ పెట్రోలు కారు. పోయినేడు ఎండాకాలంల మధ్య పైపు జంగు పట్టి చిల్లువడ్డది. మొదట స్పేర్ పార్టుల దుకాణానికి పోయిన. ఆయన కంపెనీ పైపే చూపించిండు. మసకగ, ఏం కళ లేకుండ ఉంది. తాళంచెవుల గుత్తికున్న మ్యాగ్నెట్ ఆనిస్తే టక్కున అతుక్కుంది. "ఇది ఉత్త ఇనుమే, మల్ల జంగు పడ్తది" అని నేనే పెద్ద తెలిసినోని లెక్క వాపసిచ్చిన. ఆయన ఏదో చెప్పవోయిండు, నేను వినలే.

అటునుంచి ఊరి బయట ఒక వెల్డింగ్ షెడ్డుకు పోయిన. పేరు రాయను, వద్దు. అద్దం లెక్క మెరిసే పైపు తీసి "పక్కా 304 స్టీలు, మ్యాగ్నెట్ పెట్టి చూడన్నా" అన్నడు. 304 అంటే తొందరగ జంగు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు రకం, దానికి మ్యాగ్నెట్ అంటదు. పెట్టిన. జారి కిందవడ్డది. ఇంకేం, బేరం గూడ ఆడలే. గంటన్నరల బిగించి పంపిండు.

వానాకాలం అయిపోయే ముందు ఏసీ వేసుకొని మిర్యాలగూడ పోతుంటే కారు లోపల పొగ వాసన. వెనక కూసున్న చిన్నబిడ్డ తలకాయ నొస్తుందన్నది. అద్దాలన్ని దించి మెల్లగ ఇల్లు చేరినం. పొగ వాసన లోపలికొస్తుందంటే దాని వెంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడ వస్తున్నట్టే. దానికి సొంతంగ వాసన లేదు, రంగు లేదు. ఆ రోజు అద్దాలు మూసుకొని హైదరాబాద్ దాక పోయుంటే ఏమైతుండెనో తలుసుకోబుద్ధి గాదు.

జాకీ ఎత్తి కింద దూరి చూసిన. పైపు ఇప్పటికీ మెరుస్తనే ఉంది! వెల్డు పక్కన మాత్రం, రెండు మూడు మిల్లీమీటర్ల దూరంల, గోధుమరంగు దారం చుట్టినట్టు ఒక జంగు గీత. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే సీదా లోపలికి దిగింది. వంపు కాడ పైపు సగం నలిగి, ఎవరో తొక్కిన గ్లాసు లెక్క ఉంది. ఒక ముక్క కోయించి, మందం కొలిచే వెర్నియర్‌తో కొలిస్తే గోడ మందం 1 మిల్లీమీటరే.

మా బామ్మర్ది మెట్లకు రెయిలింగులు జేస్తడు. ముక్క చేతిలవెట్టంగనే నవ్విండు. "బావా, ఇది మా రెయిలింగ్ పైపే గదా!" వాని దగ్గర స్టీలు రకం పరీక్షించే మందు చిన్న సీసా, 9 వోల్టుల బ్యాటరీ ఉంటయ్. ఒక చుక్క వేసి కరెంటు తగిలిస్తే కొద్దిసేపట్ల ఎర్రగయ్యింది. ఎర్రగైతే మాంగనీస్ ఎక్కువున్న 200 రకం స్టీలు. 304 అయితే గట్ల ఎర్రబడది.

నేను మోసపోయింది ఇక్కడే. 202 రకం స్టీలుకు కూడ మ్యాగ్నెట్ అంటదు. అందుల నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతరు, అందుకే అగ్గువ. బాల్కనీకి మంచిదే. కార్బన్ మాత్రం 304 కంటే ఎక్కువుంటది. వెల్డింగ్ వేడికి ఆ కార్బన్ పోయి క్రోమియంను పట్టుకుంటది, ఆ సందుల జంగును ఆపే క్రోమియం మిగలది. నేను చూసిన గీత గదే. పైగా ఆ షెడ్డాయన స్టెయిన్‌లెస్‌కు చేసే ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్ చెయ్యలే, ఇనుప గేట్లకు వాడే మామూలు రాడ్డుతోనే గీకిండు.

ఇగ నేను ఉత్త ఇనుమని వాపసిచ్చిన ఆ మసక పైపు 409 స్టెయిన్‌లెస్. క్రోమియం 11 శాతం దాక, నికెల్ దాదాపు ఉండదు, కాబట్టి మ్యాగ్నెట్ అంటుతది. పైన కొంచెం జంగు రంగు తేలుతది గని లోపలికి తొందరగ తినది. కార్బన్‌ను పట్టి ఉంచేటందుకు టైటానియం కలుపుతరు. చాన కార్ల కంపెనీలు సైలెన్సర్లకు వాడేది ఆ రకమే. నవ్వాల్నా ఏడ్వాల్నా?

ఇంకో సంగతి, లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడ్తయ్. ఇంటికాడికెళ్లి క్లాక్ టవర్ దాక పోయి వచ్చేటోళ్ల కార్ల పైపు సరిగ్గ వేడెక్కది, ఆ నీళ్లు లోపలే నిలుస్తయ్. అందుకే పైపు లోపటి నుంచి తింటది, బయటి మెరుపు చూసి లాభం లేదు.

కొత్తది జేయిస్తే అసలు 304 అయినా, 409 అయినా మంచిదే. డబ్బు తక్కువుంటే అల్యూమినియం పూత ఉన్న ఉక్కు పైపు కూడ బాగనే వస్తది. వెల్డు కాడ పూత కాలిపోతది, అక్కడ వేడి తట్టుకునే పెయింటు కొట్టించుండ్రి. మందం 1.5 మిల్లీమీటర్లు అడుగుండ్రి. బోరు మోటారుకు వేసే జీఐ పైపు పెడ్తమంటే మాత్రం అక్కడినుంచి లేచి రాండ్రి. దాని మీది జింకు 419 డిగ్రీలకే కరుగుతది, వెల్డు చేస్తుంటే వచ్చే తెల్లపొగ పీల్చినోనికి రాత్రికి జ్వరమొస్తది. బిల్లు మీద స్టీలు రకం రాయించుకోండ్రి. రాయనంటే మీకు సమాధానం దొరికినట్టే.

నేను చివరికి మొదటి దుకాణానికే పోయి, తల దించుకొని, ఆ 409 పైపే తెచ్చుకున్న. ఆయన ఏమనలే. చాయ్ తెప్పించి, కౌంటర్ మీదున్న మ్యాగ్నెట్ తీసి నా చేతిలవెట్టిండు.