జాగ్రత్త: సాటిస్‌ఫ్యాక్టరీ 'బెస్ట్ రెసిపీల ప్యాక్' కొనేముందు ఒక్కసారి చదవండి

సాటిస్‌ఫ్యాక్టరీ (ఫ్యాక్టరీలు కట్టే వీడియో గేమ్) ఆడేవాళ్ల గ్రూపుల్లో ఒక ఎక్సెల్ షీట్ అమ్ముతున్నారు. ఆల్టర్నేట్ రెసిపీలన్నిటికీ (అదే వస్తువుని వేరే ముడిసరుకుతో చేసే పద్ధతులు) ర్యాంకులట, మెషిన్ల లెక్కలు రెడీగా ఉన్నాయట. ₹399 యూపీఐలో పంపి కొన్నాను. దయచేసి మీరు కొనకండి.

పైన 'లేటెస్ట్ వెర్షన్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. లోపలున్న లెక్కలు మాత్రం ఆట పూర్తి వెర్షన్ 1.0 రాకముందువి. 1.0 వచ్చింది 2024 సెప్టెంబర్ 10న, దాంతో చాలా రెసిపీల అంకెలు మారిపోయాయి. హెవీ మాడ్యులర్ ఫ్రేమ్ అనే భాగం ఒకదానికి షీట్‌లో 100 స్క్రూలు, 15 స్టీల్ పైపులు అని ఉంది. ఇప్పుడు ఆటలో 120, 20 కావాలి. ఇది ఎలాగోలా సర్దుకోవచ్చు.

అసలు దెబ్బ పవర్ దగ్గర తగిలింది. నిమిషానికి 60 క్యూబిక్ మీటర్ల క్రూడ్ ఆయిల్‌ని మామూలు పద్ధతిలో ఫ్యూయెల్ చేస్తే 40 వస్తుంది. అదే క్రూడ్‌ని 'హెవీ ఆయిల్ రెసిడ్యూ' రెసిపీతో 80 రెసిడ్యూ చేసి, 'డైల్యూటెడ్ ఫ్యూయెల్'తో నీళ్లు కలిపితే 160 వస్తుంది. నాలుగింతలు! ఈ సలహా మాత్రం నిజంగా బంగారం, కాదనను. కానీ షీట్ ఆ 160కి కరెంటు తీసే ఫ్యూయెల్ జనరేటర్లు 13 పెట్టమంటుంది. ఒక్కో జనరేటర్ నిమిషానికి 12 తాగి 150 మెగావాట్లు ఇచ్చేది పాత కథ. ఇప్పుడు 20 తాగి 250 ఇస్తుంది. అంటే ఎనిమిదికే ఫ్యూయెల్ సరి. పదమూడు పెడితే మొదట్లో 3,250 మెగావాట్లని చూపిస్తుంది, దాన్ని నమ్మి ఫ్యాక్టరీ పెంచుతాం. పైపు ఖాళీ కాగానే జనరేటర్లు ఒకటి తర్వాత ఒకటి ఆగుతాయి, ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

పైగా ఆ 60 క్రూడ్‌తో 40 పాలిమర్ రెజిన్ (ప్లాస్టిక్ ముడిసరుకు) కూడా వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ చేయడమో, మిగులు సరుకుని మింగే ఆసమ్ సింక్ మెషిన్‌లో పారేయడమో చేయకపోతే రిఫైనరీ నిండి ఆగిపోతుంది. షీట్‌లో దీని ఊసే లేదు.

ఇక ర్యాంకులు. 'ప్యూర్ ఐరన్ ఇంగాట్' టాప్‌లో పెట్టారు. 35 ఖనిజానికి 65 ఇంగాట్లు (ఇనుప దిమ్మలు), నిజమే. కానీ మామూలుగా ఖనిజాన్ని కరిగించే స్మెల్టర్ 4 మెగావాట్లతో నడుస్తుంది, దీనికి వాడే రిఫైనరీకి 30 కావాలి, నీళ్ల పైపూ లాగాలి. ఇనుము ఎక్కడ చూసినా దొరికే మొదటి రోజుల్లో ఇది ఎవరికి లాభం? 'కాస్ట్ స్క్రూ' ఇనుము ఆదా చేస్తుందని రాశారు, అది శుద్ధ అబద్ధం. ఇంగాట్లని ముందు రాడ్లు చేసే మామూలు దారిలో వెళ్లినా, దీనితో చేసినా ఒక ఇంగాట్‌కి నాలుగు స్క్రూలే. మిగిలేది రాడ్లు చేసే మెషిన్ల (కన్‌స్ట్రక్టర్ల) చోటు మాత్రమే. ఏది తక్కువుందో, ఖనిజమా కరెంటా స్థలమా, అది అడక్కుండా ర్యాంకు ఎలా ఇస్తారో నాకర్థం కాదు.

ఈ లెక్కలన్నీ అడిగితే అమ్మినవాళ్లు 'అప్‌డేట్ వస్తుంది బ్రో' అన్నారు, తర్వాత బ్లాక్ చేశారు. రీఫండ్ లేదు.

అంకెలన్నీ ఆట లోపలి సమాచార పుస్తకం కోడెక్స్‌లో, వికీలో ఉచితంగానే ఉన్నాయి. సాటిస్‌ఫ్యాక్టరీ టూల్స్ అనే ఉచిత క్యాలిక్యులేటర్‌లో మీ దగ్గరున్న రెసిపీలు టిక్ పెడితే మెషిన్ల సంఖ్య అదే చెప్తుంది. అయినా ఎవరి దగ్గరైనా షీట్ కొనాలనిపిస్తే, డబ్బు పంపేముందు ఫ్యూయెల్ జనరేటర్ వరుస స్క్రీన్‌షాట్ అడగండి. అక్కడ 12 కనిపిస్తే అది పాత సరుకే.