యూఎస్‌బీ ప్రింటర్, లినక్స్, కప్స్: వాడి చెప్తున్న మాట

ఉబుంటు అనే లినక్స్‌లో ప్రింటింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి ఒకటే చెప్తాను, వెనకాల ప్రింటింగ్ పని చూసుకునే కప్స్ చాలా మంచి సాఫ్ట్‌వేర్, కాకపోతే ఏం జరిగిందో టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, అడిగితేనే సరిగ్గా చెప్తుంది. మా ఇంట్లో ఉన్నది వైఫై లేని మామూలు లేజర్ ప్రింటర్. ప్రింట్ మధ్యలో కేబుల్ కదిలిందంటే ఇక ఎన్నిసార్లు నొక్కినా పేజీ రాదు, ఆఫ్ చేసి ఆన్ చేసినా అంతే.

ముందు టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి, యూఎస్‌బీకి తగిలించినవన్నీ చూపిస్తుంది. ప్రింటర్ అందులో లేకపోతే కేబుల్, పోర్టు, పవర్ చూసుకోండి, డ్రైవర్ జోలికి వెళ్లొద్దు. ఉంటే ఎల్‌పీస్టాట్ మైనస్ టీ కొట్టండి, ప్రింటర్ల పరిస్థితి చెప్తుంది. నా దగ్గర క్యూ (కప్స్‌లో ఆ ప్రింటర్‌కి పంపిన ప్రింట్లు వరసలో ఉండే చోటు) పేరు పక్కన 'డిసేబుల్డ్' అని వస్తుంది, అంటే లోపం తగలగానే కప్స్ ఆ క్యూని ఆపేసింది, మళ్లీ మనం లేపేదాకా అది లేవదు. కప్స్‌ఎనేబుల్ అని కొట్టి పక్కన క్యూ పేరు ఇస్తే చాలు. అయితే విసుగొచ్చి అప్పటికే పదిసార్లు ప్రింట్ నొక్కి ఉంటే ముందు క్యాన్సిల్ మైనస్ ఏ కొట్టి ఆగి ఉన్న ప్రింట్లన్నీ రద్దు చేయండి, లేకపోతే అన్ని కాపీలూ వచ్చి కాగితాలు దండగ.

ఎల్‌పీఅడ్మిన్ అనే కమాండ్‌తో ఆ క్యూ ఎర్రర్ పాలసీని (లోపం వస్తే ఏం చేయాలనే సెట్టింగ్‌ని) 'రీట్రై జాబ్'కి, అంటే ఆపేయకుండా మళ్లీ ప్రయత్నించేలా, మార్చాక ఈ గొడవ బాగా తగ్గింది. నచ్చనిది కప్స్ ఏం జరిగిందో రాసుకునే లాగ్ ఫైలే: డీబగ్ (వివరంగా రాసే పద్ధతి) ఆన్ చేస్తే తప్ప అందులో పనికొచ్చే ముక్క దొరకదు, ఆన్ చేస్తే వందల లైన్లు. అయినా నా రేటింగ్ 5కి 4.