మైకు నొక్కకుండా ఆరేళ్లు: పింగ్ బటన్‌తో నా అనుభవం

మౌస్ మధ్యలో ఉండే చక్రాన్ని ఈ ఆరేళ్లలో ఎన్నిసార్లు నొక్కానో నాకు లెక్క లేదు. ఒక మౌస్‌లో ఆ చక్రం అరిగిపోయి, రెండుసార్లు నొక్కితే ఒకసారి పలికే స్థితికి వచ్చినప్పుడు, మిగతా బటన్లన్నీ కొత్తవాటిలాగే ఉన్నా ఆ మౌస్‌ను పక్కన పెట్టవలసి వచ్చింది. తుపాకీ పేల్చే బటన్ కన్నా నేను ఎక్కువగా వాడిన బటన్ అది. ముగ్గురేసి జట్లు ఆఖరిదాకా మిగలడానికి పోరాడే ఏపెక్స్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ తుపాకుల ఆటలో దాని పని పింగ్ చేయడం, అంటే తెర మీద గుర్తు పెట్టి తోటివారికి సంగతి చెప్పడం. ఆ ఆట 2019 ఫిబ్రవరి 4న ముందస్తు ప్రచారమేమీ లేకుండా విడుదలైన సంగతి, అందులోని తుపాకుల సంగతి, సీజన్ల సంగతి ఆడేవారందరికీ తెలిసినవే గనుక వాటి జోలికి పోను. అపరిచితుల మధ్య తన గొంతు వినిపించకుండా ఆడాలని నిర్ణయించుకున్న ఒక స్త్రీకి ఆ ఒక్క బటన్ ఎంతవరకు అక్కరకొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

అలాంటి నిర్ణయం ఎందుకు తీసుకున్నానో వివరించడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. అంతకు ముందు ఐదుగురి జట్టుతో ఆడే ఒక ఆటలో కొన్నేళ్లు మైకు వాడాను. ఆడగొంతు వినపడగానే తిట్లు మొదలవుతాయని బయటివారు అనుకుంటారు గానీ, మొదట వచ్చేది చిన్న నిశ్శబ్దం. ఆ వెంటనే ఎవరో ఒకరు “నువ్వు అమ్మాయివా, చిన్నపిల్లాడివా?” అని అడుగుతారు. అమ్మాయినని చెప్పిన క్షణం నుంచి ఆట తీరు మారిపోతుంది: ఒకరు నేను అడగని మందుల కిట్లు తెచ్చి నా కాళ్ల దగ్గర పడేస్తారు, ఇంకొకరు వంటింటి గురించిన పాత జోకు వేస్తారు, మరొకరు ఏమీ అనరు గానీ నేను చచ్చిన ప్రతిసారీ మైకులో నిట్టూరుస్తారు. చిన్నపిల్లాడినని అబద్ధం చెప్పి కూడా చూశాను. నిజానికి అదే నయమనిపించింది, ఎందుకంటే చిన్నపిల్లాడినైతే మ్యూట్ చేసి ఊరుకుంటారు.

అందుకే పింగ్ చేతికి వచ్చిన మొదటి వారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకసారి నొక్కితే అటు వెళ్దామని, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అక్కడ శత్రువు ఉన్నాడని అర్థం. నేల మీద పడి ఉన్న వస్తువుపై నొక్కితే దాని పేరు తోటివారికి తెలుస్తుంది. నొక్కి పట్టుకుంటే ఎనిమిది అర్థాల చక్రం తెరుచుకుంటుంది. ఒక సాయంత్రం ముక్కూ మొహమూ తెలియని ఇద్దరితో కలిసి ఒక గోదాము దగ్గరికి చేరినప్పుడు, మూసి ఉండవలసిన తలుపు తెరిచి ఉండడం నా కంటపడింది. చక్రం తెరిచి, ఇక్కడికి ఎవరో వచ్చి వెళ్లారన్న గుర్తును ఆ తలుపు మీద పెట్టాను. ఇద్దరూ అప్పటికప్పుడు వంగి, ఒకరు తలుపు వైపు, ఒకరు కిటికీ వైపు తుపాకులు తిప్పారు. నువ్వెవరివని గానీ, నీకెలా తెలుసని గానీ ఎవరూ అడగలేదు. గుర్తు పెట్టినందుకు ఒకరు తిరుగు గుర్తుతో కృతజ్ఞత చెప్పారు. ఆ ఆటలో మేము ఎనిమిదో స్థానంలోనో తొమ్మిదో స్థానంలోనో పోయాం గానీ, నేను మాత్రం గెలిచినంత సంబరంతో కంప్యూటర్ కట్టేశాను.

కొన్ని నెలల తరువాత ఒక వింత గమనించాను. పింగ్ చేసినప్పుడు తెర మీద గుర్తు మాత్రమే పడదు, మనం ఎంచుకున్న పాత్ర ఆ మాటను తన గొంతుతో పలుకుతుంది కూడా. నేను ఎక్కువగా ఆడేది బ్యాంగలోర్‌గా. ఆమె మాజీ సైనికురాలు, పొగ గుండ్లు పేల్చడంలో దిట్ట, మాట ఖంగుమంటుంది. అంటే నా జట్టులోని అపరిచితులు ఆట మొదటి నుంచి చివరి దాకా ఒక స్త్రీ గొంతు జారీ చేసిన ఆజ్ఞలనే వింటున్నారు, పాటిస్తున్నారు, అందులో వారికి ఎబ్బెట్టు ఏమీ కనిపించడం లేదు. అవే మాటలు అదే క్షణంలో నా నోటి నుంచి వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను కొన్నేళ్లపాటు చూసి వచ్చాను. జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ అనే పరిశోధకులు హేలో 3 ఆటలో సరిగ్గా ఇలాంటి తేడానే కొలిచారు. ముందే రికార్డు చేసి పెట్టుకున్న మాటలను కొన్ని ఆటల్లో మగగొంతుతో, కొన్నింటిలో ఆడగొంతుతో వినిపించి, కొన్నింటిలో అసలేమీ వినిపించకుండా ఆడారు. 2012లో వెలువడిన వారి వ్యాసం ప్రకారం ఆడగొంతుకు మిగతా రెండింటి కన్నా మూడింతలు ఎక్కువగా ప్రతికూల వ్యాఖ్యలు వచ్చాయి. ఆటల్లో బలమైన స్త్రీ పాత్రలు పెరిగాయని ఎవరైనా సంతోషంగా చెప్పినప్పుడల్లా నాకు బ్యాంగలోర్ గొంతే గుర్తుకు వస్తుంది. ఆ పెరుగుదల నిజమే, నాకూ సంతోషమే. అయితే ఆ గొంతుకు దక్కే మర్యాదలో పైసా వంతు కూడా, ఆమెను ఆడిస్తున్న మనిషి గొంతుకు బదిలీ కావడం నేను చూడలేదు.

పింగ్ చేతులెత్తేసిన రాత్రి గురించి ఇప్పుడు చెప్పాలి. అది ఏపెక్స్‌లో జరగలేదు. రెండేళ్ల కిందట నా స్నేహితులు వేరే ఆటకు మారితే వారి వెంట నేనూ మారాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అందులోనూ పింగ్ ఉంది, కాకపోతే చక్రంలో మాటలు తక్కువ. ఆ రాత్రి స్నేహితులెవరూ లేకపోవడంతో ర్యాంక్ మ్యాచ్‌లో, అంటే గెలుపోటములను బట్టి హోదా మారే ఆటలో, ఇద్దరు కొత్తవారితో పడ్డాను. జట్టులో నాది ఒకటో నంబరు. రెండో నంబరు మైకులో ఆగకుండా మాట్లాడే యువకుడు. మూడో నంబరు నాలాగే మొదటి నుంచీ నోరు విప్పలేదు కాబట్టి ఆడో మగో తెలియదు. తెలుగులో ఆడవారికీ వస్తువులకూ ఒకటే క్రియారూపం కావడం మీద నాకు పాత ఫిర్యాదులున్నా, ఈ ఒక్కచోట మాత్రం అది నాకు కలిసివచ్చింది: మూడో నంబరు వచ్చింది, ఆగింది, కాల్చింది అని నిశ్చింతగా రాయవచ్చు.

ఇరవై నిమిషాలపాటు ఆట సాఫీగా సాగింది. ఎటు దిగాలో, ఏ ఇల్లు వెతకాలో, ఎప్పుడు కొండ ఎక్కాలో ఎక్కువగా నా గుర్తుల ప్రకారమే నడిచారు, రెండో నంబరు ఒకటి రెండుసార్లు మెచ్చుకున్నాడు కూడా. ఆడే చోటు కుంచించుకుపోతూ చివరి వలయానికి వచ్చేసరికి మాతో కలిపి మూడు జట్లు మిగిలాయి. మేము ఒక ఇంటి మేడ మీద ఉన్నాం. ఎదురుగా పొలంలో ఒక జట్టు ఏ చాటూ లేకుండా పరుగెడుతోంది. ఎడమవైపు రాళ్ల వెనక స్నైపర్ అద్దం ఒక్కసారి తళుక్కుమనడం నాకు కనిపించింది. రెండో నంబరు పొలంలోకి దూకుదామని గుర్తు పెట్టాడు. నేను రాళ్ల మీద శత్రువు గుర్తు పెట్టాను. అతను దాన్ని అక్కడ కూడా వేట దొరికిందనే అర్థం చేసుకున్నాడు. ఇక్కడే కాపు కాద్దామన్న గుర్తు పెట్టాను. అతను మళ్లీ పొలం మీదే పెట్టాడు. అప్పుడు చక్రం తెరిచి చూస్తే, ఇన్నాళ్లూ నేను గమనించని లోటు తెలిసింది: అందులో ‘వద్దు’ అన్న మాట లేదు. ‘ఆగు’ లేదు, ‘తరువాత’ లేదు, ‘ఎందుకంటే’ అసలే లేదు. వెళ్దాం, కొడదాం, తీసుకుందాం అని చెప్పగలిగిన నేను, ఒక మనిషిని ఆపడానికి నా దగ్గర ఏమీ లేదని గ్రహించి, ఏళ్ల తరబడి ముట్టుకోని మైకు కీ మీద వేలు పెట్టాను. అప్పటికీ రెండు క్షణాలు తటపటాయించాను.

“కిందికి దిగొద్దు. ఎడమ రాళ్ల వెనక ఇంకో జట్టు ఉంది. ఆ రెండు జట్లూ కొట్టుకున్నాక దిగుదాం.” నేను అన్నది ఇంతే, పదమూడు మాటలు. నాకు బాగా పరిచయమైన ఆ నిశ్శబ్దం వచ్చింది. తరువాత రెండో నంబరు నవ్వుతూ, “ఇంతసేపూ మాకు దారి చూపించింది అమ్మాయా?” అన్నాడు. అంటూనే దూకాడు. పొలం మధ్యకు చేరకముందే రాళ్ల వెనక నుంచి వచ్చిన గుండ్లకు పడిపోయాడు. పడ్డాక కూడా మైకు ఆగలేదు. నేను ఉన్నట్టుండి మాట్లాడడం వల్ల అతని ధ్యాస చెదిరిందట. చివరగా అతను అన్న మాట మాత్రం ఇప్పటికీ నా చెవిలోనే ఉంది: “మాట్లాడనంతసేపు బాగానే ఆడావు.” ఆ మ్యాచ్‌లో అతను ఒక్క శత్రువును కూడా చంపలేదు. ఆటలో వెనకబడిన మగవారే ఆడగొంతు మీద ఎక్కువగా విరుచుకుపడతారని 2015లో మైకేల్ కాసుమోవిచ్, కుజ్నెకాఫ్ కలిసి రాసిన వ్యాసాన్ని తరువాత చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఒక్కడిని చూసి లోకమంతటినీ తూచడం సరికాదని తెలిసినా, వచ్చిన నవ్వును ఆపుకోలేదు.

మూడో నంబరు దూకలేదు. రెండో నంబరు మాట్లాడుతున్నంతసేపూ కిటికీ దగ్గరే ఉండి, నా పక్కన కాపలా గుర్తు ఒకటి, రాళ్ల మీద శత్రువు గుర్తు ఒకటి పెట్టింది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. నేను అనుకున్నట్టే కింద ఆ రెండు జట్లూ తలపడ్డాయి. మిగిలిన ఇద్దరి మీదికి మేము దిగాం గానీ నా గురి తప్పడం వల్ల రెండో స్థానంతో సరిపెట్టుకున్నాం. ఆట ముగిసి మొదటి తెర మీదికి రాగానే మూడో నంబరు నుంచి స్నేహ అభ్యర్థన వచ్చి ఉంది.

అంతకు ముందు కనీసం నలుగురు స్త్రీలకు నేను ఈ బటన్‌ను సిఫారసు చేసి ఉంటాను. మైకు తీసేయండి, పింగ్ నేర్చుకోండి, హాయిగా ఉంటుందని చెప్పేదాన్ని. ఆ సలహాను వెనక్కి తీసుకోను గానీ, ఇప్పుడు అంత ధీమాగా ఇవ్వలేను. 1986లో వచ్చిన మెట్రాయిడ్ అనే వీడియో ఆటలో ప్రధాన పాత్ర సామస్ ఆట పొడుగునా శిరస్త్రాణంలోనే ఉంటుంది. ఆటను త్వరగా ముగించినవారికే చివర్లో ఆమె స్త్రీ అని తెలుస్తుంది, ఇంకా త్వరగా ముగిస్తే ఆమె దుస్తులు తగ్గుతాయి. దాని ఇంగ్లీషు పుస్తిక ఆమెను మగవాడిగానే ప్రస్తావించింది. నేను పింగ్ పేరుతో కొన్నేళ్లు తొడుక్కున్నది ఆ శిరస్త్రాణాన్నే. లోపల చల్లగా ఉంటుంది, నిజమే. కానీ దాన్ని ఒక్కసారి తీసేసరికి, అప్పటివరకు నేను ఆడిన ఇరవై నిమిషాల ఆట విలువ కూడా ఎదుటివాడి దృష్టిలో పడిపోయింది. ఆటతోనే సమాధానం చెప్పమనే హితవు నాకు చాలాసార్లు వచ్చింది. ఓవర్‌వాచ్ అనే తుపాకుల ఆటను గెగురి పేరుతో ఆడిన కొరియా క్రీడాకారిణి 2016లో సరిగ్గా ఆటతోనే సమాధానం చెప్పింది. అంత గురి మోసం లేకుండా సాధ్యం కాదన్న ఆరోపణ వచ్చినప్పుడు, కెమెరాల ముందు కూర్చుని చేతులు కనిపించేలా ఆడి చూపించింది, 2018లో ఆ ఆట వృత్తి క్రీడాకారుల పోటీ అయిన ఓవర్‌వాచ్ లీగ్‌లోకి వచ్చిన మొదటి మహిళ అయింది. అయితే ఆ సమాధానం చెప్పడానికి ఆమె స్టూడియో దాకా వెళ్లవలసి రావడం నాకు మింగుడుపడదు.

ఇంకొక నష్టం నేను ఊహించనిది. ఆరేళ్లు బటన్‌తో మాట్లాడీ మాట్లాడీ నాకు నోటితో చెప్పే అలవాటు పోయింది. తెలిసినవారితో, ఎవరూ ఏమీ అనరని రూఢిగా తెలిసిన చోట కూడా, శత్రువు కనిపిస్తే ముందు వేలు కదులుతుంది, గొంతు పెగలదు. గుర్తు చూసి తల తిప్పేలోగా ఒక స్నేహితురాలు రెండుసార్లు నా వల్లే చచ్చిపోయింది. “నోరుందిగా నీకు!” అని ఆమె చిరాకుపడితే నా దగ్గర జవాబు లేకపోయింది.

కాబట్టి నా తీర్పును నా పరిస్థితులతో కలిపి చదువుకోవాలి. నేను పని ముగిశాక రోజుకు గంటా రెండు గంటలు, ఎక్కువగా అపరిచితులతో, ఎవరికీ నా మొహం చూపించకుండా ఆడేదాన్ని. పోటీల్లో దిగాలన్న కోరిక లేదు, ప్రత్యక్ష ప్రసారాలు చేయను. నాలాంటి వారికి ఇంతకన్నా మంచి బటన్‌ను ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. తెలిసినవారి జట్టు ఉన్నవారికి ఇది అదనపు సౌకర్యం మాత్రమే. పోటీ ఆటలోకి వెళ్లాలనుకునే అమ్మాయిలు మాత్రం దీన్ని చేతికర్రగా వాడడం ఎంత తొందరగా మానితే అంత మంచిదని, నేను మానలేకపోయినా, అనుకుంటున్నాను. ఆట తయారుచేసేవారిని ఒకటే అడగాలని ఉంది: చక్రంలో ‘వద్దు’ అన్న మాటకు ఒక గడి కేటాయించండి.

మూడో నంబరుతో కలిసి ఆ తరువాత అరవై మ్యాచులకు పైగా ఆడాను. నేను ఎవరో దానికి తెలుసు, అది ఎవరో నాకు తెలియదు, అడగలేదు కూడా. మైకు కీ మీద నుంచి వేలు తీసెయ్యలేదు గానీ, ఆ రాత్రి తరువాత నేనూ మళ్లీ నొక్కలేదు. కిందటి వారం ఒక ఆట మధ్యలో తెర మూలన దాని పేరు పక్కనున్న మైకు గుర్తు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఏమీ వినిపించలేదు. కొంచెంసేపు చూసి, ఎదురుగా ఉన్న వంతెన మీద అటు వెళ్దామన్న గుర్తు పెట్టాను. అది నా వెనకే వచ్చింది.