బ్యాంకు రేటు, యాప్ రేటు, మధ్యల మాయమైన 25 డాలర్లు

ముందే చెప్తున్న, ఇది దేనికీ ప్రమోషన్ కాదు, అందుకే బయటి దేశానికి పైసలు పంపనీకి నేను వాడే యాప్ పేరు రాయను, నాకు కోపం తెప్పిచ్చిన బ్యాంకు పేరు కూడా రాయను. 2024 జనవరి నుంచి అమెరికాల చదివే బిడ్డకు పైసలు పంపుతున్న, నాలుగు సెమిస్టర్ల ఫీజులు అయినయ్, ఇప్పుడు రెంటు నడుస్తున్నది. బయటి దేశానికి పంపేటప్పుడు ఇచ్చే ఏ2 ఫారం ఎట్ల నింపాలె, పాన్ ఎందుకు, మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల లిమిట్, ఇవన్నీ ఎక్కడ వెతికినా దొరుకుతయ్. నేను చెప్పేది ఆ 25 డాలర్ల ముచ్చట.

మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తి, అంటే రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం. ఇరవై ఏండ్ల సంది ఒకే బ్యాంకుల ఖాతా, కాబట్టి మొదటి ఫీజుకు వేరే ఆలోచన లేకుండ అక్కడికే పోయిన. 7200 డాలర్లు పంపాలె. ఆ రోజు ఫోన్ల చూస్తే డాలర్ 83 రూపాయల 20 పైసలు చూపెడుతున్నది, వాళ్లు 84.40 అన్నరు. ఇదేందమ్మా అని అడిగితే కౌంటర్ల పిల్ల "అంకుల్, మీరు చూసేది మార్కెట్ రేటు, ఇది మా టీటీ సెల్లింగ్ రేటు" అన్నది, అంటే బయటికి పంపేటోళ్లకు బ్యాంకు డాలర్ అమ్మే రేటు. సరే, మిర్చికి మార్కెట్ల జెండా పాట, అంటే వేలం, రేటు వేరు, రైతు చేతికొచ్చేది వేరు, గిది నాకు కొత్త కాదు కదా అనుకొని చూపిచ్చిన కాడల్లా సంతకాలు పెట్టి వచ్చిన.

నాలుగో రోజు పొద్దుగాల ఆరు కాకముందే ఫోన్. "బాపూ, ఫీజు మొత్తం రాలే." మొత్తం రాకపోవుడేంది, మొత్తం పంపిన కదా అంటే, కాలేజీ పోర్టల్ల 7175 పడ్డది, ఇంకా 25 బాకీ చూపెడుతున్నది, బాకీ తీరేదాకా రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ అట, మళ్లా క్లాసులు షురూ అయ్యేది రెండు రోజులల్ల. ఆరు లక్షల పైన పంపినోనికి రెండు వేల రూపాయల కాడ బ్రేకు పడ్డది. బిడ్డ పోయి పన్నెండు రోజులే, అక్కడి కార్డు ఇంకా ఇంటికి రాలే, 25 డాలర్లు ఇక్కడి నుంచి మళ్లా పంపుదామంటే అందుల నుంచి కూడా కోస్తరు, ఏం పంపుతం. ఆఖరికి రూమ్మేట్, మన కరీంనగర్ పిల్లే, తన కార్డు గీకి కట్టింది. సంక్రాంతికని ఇంట్ల కట్టిచ్చి పంపిన సకినాల డబ్బాల సగం ఆ పిల్లకే పోయినయ్, పోవాలె కూడా.

నాకు 25 డాలర్లు పోయినందుకు కాదు, ఎవడు తీసిండో తెల్వనందుకు మండింది. బ్రాంచికి పోతే మేనేజర్ "సార్, మేం 7200 పంపినం, మా దాంట్ల తప్పు లేదు" అంటడు. మరి అక్కడ తక్కువెట్ల పడ్డది అంటే "మధ్యల బ్యాంకులు చార్జి కట్ చేసుకుంటయ్, అది మా చేతుల ఉండదు". ఏ మధ్య బ్యాంకు, నేను ఎవల్ని మధ్యల పెట్టిన? ఎవరో చెప్పిండ్రు, ఎంటీ103 అని ఒక కాపీ ఉంటది, పైసలు పంపిన మెసేజ్ అది, దాన్ని అడుగు అని. రెండు సార్లు రేపు రా అన్నరు, మూడోసారికి ఇచ్చిండ్రు. ఇంట్ల కూసోని ఒక్కొక్క లైను చదివితే 71ఏ అనే కాడ మూడు అక్షరాలు, ఎస్‌హెచ్‌ఏ. అంటే ఖర్చు ఇద్దరు పంచుకునుడు, మన బ్యాంకు చార్జి మనం కట్టుడు, దారిల ఉన్న బ్యాంకులు కోసుకునేది అవతలోళ్లకు పోయే దాంట్ల నుంచి కోసుకునుడు. అదే కాడ ఓయూఆర్ అని రాయిస్తే అన్ని చార్జీలు ఇక్కడనే మనం కట్టుకుంటం, అక్కడికి మొత్తం చేరాలె. ఫారంల దానికి ఒక చిన్న గడి ఉన్నది. నేను దాని జోలికే పోలే, నాకు చెప్పకుండనే టిక్కు పెట్టిండ్రు. కాలేజీ ఫీజు పంపేటోనికి ఈ ఒక్క ముక్క చెప్పనీకి ఎంత సేపు పడ్తది?

ఆ రాత్రి మా తక్‌పట్టీ (రైతుకు రాసిచ్చే చీటీ) లెక్క తీసిన. రైతుకు రేటెంత అని ఎవడు చూస్తడు, కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం కూలి) అన్నీ పోంగ చేతికెంత అనేదే లెక్క. డాలర్లకు 6,07,680, బ్యాంకు చార్జి జీఎస్టీతోని 1,180, డాలర్లు మార్చినందుకు వేరే జీఎస్టీ 637. మొత్తం నా ఖాతాల కోసింది 6,09,497. చేరింది 7175. భాగిస్తే డాలర్‌కు 84.95 పడ్డది! మార్కెట్ రేటు కంటే రూపాయి ముప్పావలా ఎక్కువ, మొత్తం మీద పన్నెండు వేల అయిదు వందలు. అందుల 25 డాలర్లు కండ్లకు కనవడ్డయ్ గని, అసలు పెద్ద కోత రేటులనే ఉన్నది, దాని మీద నాకు కోపమే రాలే. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తది.

ఇగ 2024 ఆగస్టు నుంచి యాప్. నాకు దీంట్ల నచ్చింది ఒక్కటే, గది బాగ నచ్చింది: పంపే ముందే ఒకే స్క్రీన్ మీద ఇక్కడ మొత్తం ఎన్ని రూపాయలు పోతయ్, అక్కడ మొత్తం ఎన్ని డాలర్లు చేరుతయ్ రెండూ చూపెడ్తది. అడ్తిల కూసున్నోనికి ఇంతకంటే ఏం కావాలె. 7200 అన్నది, 7200 పడ్డది, రెండో రోజే. అన్నీ కలిపి 84.64 పడ్డది, ఆ రోజు మార్కెట్ 83.90. మా వదినెకు, పక్క అడ్తాయనకు, మా బామ్మర్దికి, అడిగినోనికి అడగనోనికి చెప్పిన, యాప్ పెట్టుకోండ్రి అని.

ఇప్పుడైతే అంత గట్టిగ చెప్పను. ఎందుకంటే జీరో ఫీజు, జీరో ఫీజు అని పెద్దగ రాస్తరు గదా, రేటు మాత్రం 84.55 పెట్టిండ్రు. అంటే డాలర్‌కు 65 పైసలు, 7200కు 4,680 రూపాయలు. ఫీజు పేరు మీద తీస్కోలే, రేటుల కలిపి తీస్కున్నరు. తప్పని అంటలేను, వాళ్లు కూడా బతకాలె, బ్యాంకు కంటే సగం కూడా లేదు. జీరో అని రాయకుండ ఉంటే బాగుండు.

ఇంకోటి, 2025 ఆగస్టుల. 28 నాడు, గణపతి కూసున్న మర్నాడే, 88.20కి రేటు లాక్ చేసిన. అంటే ఒక్క రోజు దాకా అదే రేటు. పైసలు వేసినంక మెసేజ్ వచ్చింది, ఇన్వాయిస్ మీది పేరు పాస్‌పోర్ట్‌తోని కలుస్తలేదు అని. కలవదు మరి, మన ఇంటిపేరు ఒక కాడ ముందు, ఒక కాడ ఎనుక! గల్లీల మండపం మైకు మోగుతుంటే బంగ్లా మీదికెక్కి కస్టమర్ కేర్‌కు అదే ముచ్చట నాలుగు సార్లు చెప్పిన, పాపం ఆ పిల్లగాడు కూడా ఓపిగ్గనే విన్నడు, గని కాగితం ఓకే అయ్యేసరికి శుక్రవారం పొద్దు గూకింది, లాక్ టైమ్ అయిపోయింది. సరిగ్గ ఆ రోజే రూపాయి మొదటిసారి 88 దాటింది. కొత్త రేటు 88.75. మళ్లా 3,960 రూపాయలు పోయినయ్. బ్యాంకుల అయితే ఎదురుంగ కూసోని కొట్లాడేది ఉండె, ఇక్కడ ఎవనితోని కొట్లాడాలె. ఇప్పుడు నేను లాక్ చేసుడు కంటే ముందే కాగితాలన్నీ అప్‌లోడ్ చేసి ఓకే చేయించుకుంటున్న, లాక్ చేసుడు కూడా సోమ, మంగళ వారాలల్లనే, మార్కెట్ నడిచే టైముల. శని ఆదివారాలల్ల మా యాప్ రేటు ఇంకింత దూరం జరుగుతది.

టీసీఎస్, అంటే బయటికి పైసలు పంపేటప్పుడే ముందుగాల పట్టుకునే టాక్స్, దాని గురించి అందరు అడుగుతరు కాబట్టి రెండు ముక్కలు. ఏప్రిల్ నుంచి మార్చి లెక్క. 2024-25ల నావి రెండు ఫీజులు కలిసి 12 లక్షలు దాటినయ్, అప్పటి 7 లక్షల హద్దు మీద ఉన్నదానికి 5% చొప్పున 26 వేల పైచిలుకు పట్టుకున్నరు. పోయిన పైసలైతే కావు, 26ఏఎస్ అనే ఇన్‌కమ్ టాక్స్ లెక్క కాగితంల కనవడ్డయ్, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అయినయ్, గని సీజన్ టైముల రైతులకు కట్టాల్సిన పైసలు అట్ల ఆగుతే అడ్తి నడిపేటోనికి తెలుస్తది. హద్దు మనిషికి లెక్క, ఇంటికి కాదు. మా ఇంటామె పాన్ మీద, ఆమె ఖాతా నుంచి, ఆమె సొంత పైసలతోని ఒక ఫీజు పంపితే ఆ గోసే లేకుండె, తర్వాత తెలిసింది. 2025 ఏప్రిల్ నుంచి హద్దు 10 లక్షలు అయింది. పంపేటప్పుడు కారణం కాడ చదువు అని సరిగ్గ పెట్టుకోండ్రి, చదువు ఫీజు పంపుకుంట ఇంటి ఖర్చులు అని నొక్కితే హద్దు దాటినంక 20% పడ్తది.

నాకైతే యాప్ సరిపోయింది, ఎందుకంటే నేను పంపేది చిన్న మొత్తాలు, నాకు లెక్క రాసుకునే అలవాటు ఉంది. ఒకటేసారి ఇరవై, ముప్పై లక్షలు పంపేటోళ్లు బ్యాంకుకే పోయి రేటు తగ్గియ్యిమని అడగాలె, మా పక్క అడ్తాయన అడిగితే 40 పైసలు తగ్గిచ్చిండ్రు, నేను అడగలేదు కాబట్టి నాకు తగ్గియ్యలే. ఎడ్యుకేషన్ లోన్ మీద పోయినోళ్లకు లోన్ ఇచ్చిన బ్యాంకే నేరుగ కాలేజీకి పంపుతది, వాళ్లకు నేను చెప్పినదాంట్ల సగం అక్కరకు రాదు, ఓయూఆర్ గడి ఒక్కటి చూసుకుంటే చాలు.

2025 డిసెంబర్ల బిడ్డ చదువు అయిపోయింది, జాబ్ ఇంకా రాలే. నెలకు 500 డాలర్లు పంపుతున్న. దీనికి బ్యాంకుకు పోతే 1,180 చార్జే డాలర్‌కు రెండు రూపాయల మీద పడ్తది, కాబట్టి యాప్‌లనే. నిన్న రాత్రి కూడా తెరిచి చూసిన, 90 మీదనే ఉన్నది, సోమవారం చూద్దామని పక్కన పెట్టిన.